ప్రియస్ నడిపేవారిపై పడిన ముద్ర

టయోటా ప్రియస్ నడిపేవారంటే రోడ్డు మీద అందరికంటే నెమ్మదిగా వెళ్తూ, పర్యావరణం గురించి ఇతరులకు పాఠాలు చెప్పేవారన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. 1997లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఈ హైబ్రిడ్ కారును, అంటే పెట్రోల్ ఇంజిన్, విద్యుత్ మోటారు రెండూ ఉన్న కారును, నడిపి చూస్తే, ఆ నెమ్మదితనం మనిషి స్వభావం కంటే యంత్రం తీరు నుంచే ఎక్కువగా వస్తుందని నాకు స్పష్టమైంది. బ్రేకును ముందుగానే, సున్నితంగా నొక్కినప్పుడు మోటారు జనరేటరుగా పనిచేసి చలనశక్తిని విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి చేరుస్తుంది. ఒక్కసారిగా గట్టిగా నొక్కితే అందులో చాలా భాగం వేడిగా మారి వృథా అవుతుంది. శక్తి ఎటు ప్రవహిస్తోందో ఎదురుగా ఉన్న తెర క్షణక్షణం చూపిస్తుంటే, దూకుడుగా నడిపేవారు కూడా కాలి ఒత్తిడి తగ్గించుకుంటారు. ఆగి ఆగి సాగే ట్రాఫిక్‌లో ఈ కారు నిశ్శబ్దం, ఇంధన పొదుపు నిజంగా మెచ్చదగినవి. హైవే మీద మాత్రం ఆ లాభం తగ్గుతుంది.

ఖరీదైన కార్లు నడిపేవారంతా మొండివారు, దురుసువారన్న ముద్ర కూడా అంత సులువుగా తేలేది కాదు. హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ వంటి కార్లు మొండిగా వాదించే పురుషుల వద్దే కాక, క్రమశిక్షణ గల స్త్రీపురుషుల వద్ద కూడా ఎక్కువగా కనిపించాయి. అంటే కారును బట్టి మనిషి స్వభావాన్ని తేల్చేయలేం. కాబట్టి నగరంలో ఎక్కువగా తిరిగేవారు పరుల మాటలకు వెరవకుండా ప్రియస్‌ను ఎంచుకోవచ్చు.