‘బర్క్’ అనే క్రియ కోసం తెరిచిన నిఘంటువు: ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ

కోర్టు తీర్పులను తెలుగులోకి అనువదించే నాకు ‘బర్కింగ్’ అనే మాట 2013 నాటి లలితా కుమారి కేసు తీర్పులో ఎదురైంది. కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం) జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన ఆ తీర్పులో, నేరాలను ‘బర్క్’ చేయడం వల్ల చట్టబద్ధ పాలన బలహీనపడుతుందన్న వాక్యం ఉంది. కేసు నమోదు చేయకపోవడమని సందర్భం చెబుతూనే ఉన్నా, సరిపోయే తెలుగు క్రియ తట్టక, ఇంగ్లిష్ మాటల పుట్టుక చెప్పే ఈ నిఘంటువు తెరిచాను.

పెన్సిల్వేనియాకు చెందిన డగ్లస్ హార్పర్ కూర్చిన ఈ నిఘంటువును ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మాట పక్కన ఇచ్చే సంవత్సరం, ఆ మాట రాతలో తొలిసారి కనిపించిన కాలం. ‘బర్క్’కు సంబంధించిన వివరణ నన్ను 1829కి, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో ఉరితీతకు గురైన విలియం బర్క్ దగ్గరికి తీసుకెళ్లింది.

బర్క్, అతని సహచరుడు విలియం హేర్ 1828లో, ఏడాదిలోపే, పదహారు మందిని చంపి, శరీర నిర్మాణ శాస్త్రం బోధించే డాక్టర్ రాబర్ట్ నాక్స్‌కు శవాలను అమ్మారు. ఒంటిపై గాయముంటే అనుమానం వస్తుంది కాబట్టి, మనిషికి మద్యం పట్టించి, ఛాతీపై బరువు మోపి, ముక్కూ నోరూ మూసి ఊపిరాడకుండా చేసేవారు. హేర్ అప్రూవర్‌గా మారి బయటపడ్డాడు. 1829 జనవరి 28న బర్క్‌ను ఉరి తీస్తుండగా, ‘అతన్నీ బర్క్ చెయ్యండి’ అని జనం కేకలు వేశారని నాటి పత్రికలు రాశాయి. అంటే ఆ మనిషి ప్రాణాలతో ఉండగానే అతని పేరు క్రియగా మారిపోయింది. అతని అస్థిపంజరం నేటికీ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది.

జాడ తెలియకుండా ఊపిరి తీయడమన్న అర్థం నుంచే, విచారణనో చర్చనో చప్పుడు లేకుండా అణచివేయడమన్న అర్థం పుట్టింది. ఛాతీపై మోపిన ఆ బరువును ఊహించుకోగానే మన ‘తొక్కిపెట్టడం’ గుర్తుకొచ్చింది. ఫిర్యాదును తొక్కిపెట్టారని మన ఊళ్లలో ఎప్పటినుంచో అంటున్నదే! ‘నమోదు నిరాకరణ’ అని రాసుకున్న చిత్తుప్రతిని వెంటనే కొట్టివేశాను. నిరాకరణలో ఎదుటివాడికి జవాబైనా దొరుకుతుంది, తొక్కిపెట్టడంలో ఫిర్యాదు ఉనికే మాయమవుతుంది.

ఈ నిఘంటువులో వివరణలు క్లుప్తంగా ఉంటాయి. నేను పైన చెప్పిన హత్యల వివరాలకూ, మన పోలీసు వ్యవహారంలోని వాడుకకూ వేరే పుస్తకాలు వెతుక్కోక తప్పలేదు. అయినా అనువాదకులకూ, పత్రికా రచయితలకూ దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. మామూలు ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు నాకు ‘అణచు’ అన్న ఒక్క మాట ఇచ్చి ఊరుకునేది. ఇక్కడ మూలం తెలిసింది కనుకనే తెలుగు మాట దొరికింది.