ఆయిల్-వాటర్ ఇంటర్‌ఫేస్ మీటరు: ఆరేళ్ళ వాడకం తరువాత

పెట్రోలు బంకుల్లో భూగర్భ ట్యాంకో పైపో కారినప్పుడు, నేలలోకి దిగిన ఇంధనం ఎంత దూరం పాకిందో తేల్చే పనిలో ఆరేళ్ళుగా ఒకే ఇంటర్‌ఫేస్ మీటరును వాడుతున్నాను. నెల్లూరు జిల్లా తీరపు ఇసుక నేలల్లోనూ, ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలోనూ దీన్ని ఎన్నో పరిశీలన బోర్లలోకి దించాను. ఒక రీలు, దానికి చుట్టిన 30 మీటర్ల టేపు, కొసన స్టీలు ప్రోబు, లోపల 9 వోల్టుల బ్యాటరీ, ఇంతే దీని సరంజామా. ప్రోబు నూనెను తాకితే ఏకధాటిగా మోగుతుంది, నీటిని తాకితే ఆగి ఆగి మోగుతుంది. ఆ రెండు లోతుల తేడాయే నీటిపై తేలుతున్న ఇంధనపు పొర మందం.

కొలత కచ్చితత్వం విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. మన తీరంలో భూగర్భజలం వాలు ఎంత స్వల్పమంటే, పాతిక మీటర్ల దూరంలో ఉన్న రెండు బోర్ల నీటిమట్టాల మధ్య రెండు మూడు సెంటీమీటర్ల తేడా కూడా ఉండదు. డీజిల్ సాంద్రత సుమారు 0.83 కాబట్టి, బోరులో 12 సెంటీమీటర్ల డీజిల్ నిలిస్తే కింది నీటిమట్టం దాదాపు 10 సెంటీమీటర్లు అణిగిపోతుంది. ఆ అణిగిన మట్టాన్నే లెక్కలో వేసుకుంటే నీరు బంకు వైపే పారుతున్నట్లు పటం వస్తుంది, కాలుష్యం చేరని దిక్కున కొత్త బోర్లు వేయిస్తాము. పొర మందాన్ని మిల్లీమీటర్లలో చెప్పగల పరికరం ఉంటేనే, అణిగిన మేరను తిరిగి కలుపుకునే సవరణ సాధ్యం.

అయితే దీన్ని వాడడంలో ఒక మెళకువ ఉంది, అది నాకు మొదటి ఏడాదంతా తెలియలేదు. ప్రోబు దిగేటప్పుడు పైపొరలోని నూనెను సెన్సరుకు పూసుకుని నీటిలోకి తీసుకుపోతుంది, అందువల్ల నీరు ఎదురైనా కొంతసేపు నూనె మోతే వినిపిస్తుంది. నూనె లోతును దించేటప్పుడు, నీటి లోతును మెల్లగా పైకి లాగేటప్పుడు రాసుకోవాలి. తొలి ఏడాది నేను రాసిన మందాలన్నీ అసలుకంటే ఎక్కువే అయి ఉంటాయి.

అంతకంటే పెద్ద పాఠం ఈశాన్య రుతుపవనాలు నేర్పాయి. కావలి ప్రాంతంలోని ఒక బంకులో మే నెలలో 4 సెంటీమీటర్ల పొర చూపిన బోరు, నవంబరు వానల తరువాత చుక్క నూనె కూడా చూపలేదు. యజమాని ఎంతో సంబరపడి, పని అయిపోయినట్లు కాగితం ఇమ్మని అడిగారు. నేను ఇవ్వలేదు. నీటిమట్టం పైకి లేచినప్పుడు ఇసుక రేణువుల సందుల్లోని ఇంధనం నీటి కింద చిక్కుకుపోతుంది, బోరులోకి రాదు. తరువాతి ఎండాకాలం మట్టం దిగగానే అదే బోరులో పొర మళ్ళీ తేలింది. మీటరు రెండుసార్లూ నిజమే చెప్పింది, కానీ అది బోరు లోపలి నిజం, చుట్టూ ఉన్న మట్టి సంగతి కాదు. కనీసం ఒక వానకాలం, ఒక ఎండాకాలం కొలవకుండా ఈ నేలలపై ఎవరూ నివేదిక రాయకూడదని నా గట్టి అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. బోరు గోడకు పట్టిన చెమ్మ తగిలినా ఒక్కోసారి మోగుతుంది. పాత డీజిల్ జిగురు సెన్సరు కిటికీకి పట్టేస్తే, సబ్బునీటితో కడిగే వరకు మాట వినదు. ఉప్పుగాలికి రీలు దగ్గరి కనెక్షను తుప్పు పట్టి మూడో ఏడాదిలో పరికరం మూగబోయింది. అమ్మిన సంస్థ మరమ్మతుకు నాలుగు నెలలు తీసుకుంది, ఆ నాలుగు నెలల కొలతలు మళ్ళీ దొరకవు. నిప్పురవ్వ పుట్టకుండా విద్యుత్తును నేలలోకి పంపే ఎర్త్ క్లిప్పు మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది. పెట్రోలు ఆవిరి నిండిన బోరులోకి తీగ దించేవారు దాన్ని తగిలించకుండా మూత తీయకూడదు.

ఇది చేయలేని పనిని కూడా కొనేవారు తెలుసుకోవాలి. ఒక బంకుకు దిగువన, దొరువు (ఇసుక నేలలో తవ్విన లోతు తక్కువ బావి) నీటితో తోట పెంచుకునే ఒక పెద్దావిడ నన్ను పిలిచి ఇత్తడి బిందెను నా ముక్కు దగ్గర పెట్టింది. "ఎన్నిసార్లు తోమినా వాసన పోవడంలా నాయనా," అంది. ఆమె బావిలో మీటరు నీటి మోత తప్ప వేరే మోత చేయలేదు. పారదర్శకమైన బెయిలరు (నీటిని తోడి తీసే గొట్టం) దించి చూసినా పైన నూనె మెరుపు లేదు. 40 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో గాలిబుడగ లేకుండా నీరు పట్టి, ఐసు పెట్టెలో ల్యాబుకు పంపితే, పెట్రోలులో ఉండే విషపదార్థం బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన లీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దును దాటినట్లు తేలింది. నీటిలో కరిగిపోయిన బెంజీన్‌ను ఈ ప్రోబు పట్టుకోలేదు. ఆ రోజు నుంచి నా పెట్టెలో మీటరు పక్కనే ఆ గాజు సీసాలు కూడా ఉంటున్నాయి, పొర కనిపించని బావుల దగ్గర ముందుగా వాటినే బయటికి తీస్తాను.