ఆల్ట్+ట్యాబ్, అంకెలు, పేరుతో వెతకడం: విండోలు మార్చడానికి ఏది మేలు?

కీబోర్డుతో విండో మార్చడం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆల్ట్+ట్యాబ్ ఒక్కటే. అది బాగా వచ్చినవాళ్ళే పదిహేను విండోలు తెరిచిపెట్టుకుని, ఆల్ట్ మీద వేలు తియ్యకుండా ట్యాబ్‌ని టకటకా కొడుతూ, కావలసింది దాటిపోయాక మళ్ళీ చుట్టు తిరిగి వస్తుంటారు. తప్పు ఆ షార్ట్‌కట్‌ది కాదు, దానికి అప్పగించిన పనిది. తెరిచి ఉన్నవాటిలో ఒకదాన్ని పట్టుకోవడానికి మూడు దారులున్నాయి: ఇందాక దేంట్లో ఉన్నామో దాన్ని బట్టి వెళ్ళడం, అది ఎన్నో స్థానంలో ఉందో దాన్ని బట్టి వెళ్ళడం, పేరు కొట్టి పిలవడం. ఒక్కో దారి ఒక్కో చోట బాగా పనిచేసి ఇంకోచోట చతికిలపడుతుంది. ఇక్కడ లెక్కంతా విండోస్ 10, 11 మీద. మ్యాక్, లినక్స్ సంగతి తర్వాత.

ఆల్ట్+ట్యాబ్: రెండింటికి భేష్, ఐదింటికి గోల

ఆల్ట్+ట్యాబ్ చూపించేది టాస్క్‌బార్ వరుస కాదు, ఇటీవల వాడిన వరుస. ఇప్పుడున్న విండో మొదటిది, అంతకుముందు వాడింది రెండోది. అందుకే ఒకసారి నొక్కి వదిలితే ఇందాకటి విండోకి, మళ్ళీ నొక్కితే తిరిగి ఇక్కడికే. వర్డ్‌లో రిపోర్టు రాస్తూ ఎక్సెల్‌లోంచి అంకెలు తెచ్చుకునే పనికి దీన్ని మించింది లేదు. స్క్రీన్ మీద వచ్చే బొమ్మల వంక చూడనే అక్కర్లేదు.

మూడోది చేరితే కథ మారుతుంది. వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్ మధ్య అదే వరుసలో గుండ్రంగా తిరుగుతున్నారనుకోండి. వర్డ్ నుంచి ఎక్సెల్‌కి, అక్కణ్ణుంచి బ్రౌజర్‌కి వచ్చేసరికి వరుస బ్రౌజర్, ఎక్సెల్, వర్డ్ అయిపోతుంది. వర్డ్‌కి పోవాలంటే ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ రెండుసార్లు. అక్కణ్ణుంచి ఎక్సెల్‌కీ రెండుసార్లే. మూడింటి మధ్య తిరిగేటప్పుడు ఎప్పుడూ రెండు నొక్కులు, నాలుగింటి మధ్య అయితే మూడు. ఇంతవరకూ చెయ్యి అలవాటు పడుతుంది. కానీ పని అంత గుండ్రంగా ఎక్కడ సాగుతుంది? మధ్యలో ఒక్కసారి మెయిల్ చూసి వస్తే వరుస మొత్తం జరిగిపోతుంది. ఇక ప్రతిసారీ బొమ్మలు చూసి ఏరుకోవలసిందే. నాలుగు దాటాక ఆల్ట్+ట్యాబ్‌కీ మౌస్‌కీ పెద్ద తేడా ఉండదు.

దానితోనే నెట్టుకొచ్చేవాళ్ళకి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. షిఫ్ట్ కూడా పట్టుకుంటే ఎంపిక వెనక్కి జరుగుతుంది. ఆల్ట్ వదలకుండానే బాణం కీలతో అటూ ఇటూ వెళ్ళొచ్చు. వద్దనుకుంటే ఆల్ట్ వదిలేముందు ఎస్కేప్ నొక్కాలి. వేలు పట్టి ఉంచడం కష్టమైనవాళ్ళకి కంట్రోల్+ఆల్ట్+ట్యాబ్ మేలు: అన్ని కీలూ వదిలేసినా బొమ్మలు స్క్రీన్ మీద నిలబడి ఉంటాయి, బాణంతో ఎంచుకుని ఎంటర్ కొడితే చాలు.

ఆల్ట్+ఎస్కేప్ అని ఇంకొకటి ఉంది. బొమ్మలేమీ చూపించకుండా నేరుగా తర్వాతి విండోకి తోస్తుంది. మినిమైజ్ చేసిన దాని మీదికి వచ్చినా దాన్ని పైకి తెరవదు. దీన్ని నేర్చుకోకపోయినా నష్టం లేదు.

ఆల్ట్+ట్యాబ్ జాబితా ఉన్నట్టుండి కిక్కిరిసిపోయిందని విసుక్కునేవాళ్ళు ఒక సెట్టింగ్ చూసుకోవాలి. 2020 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఎడ్జ్ బ్రౌజర్ ట్యాబ్‌లు కూడా ఒక్కోటి ఒక్కో విండోలాగా ఈ జాబితాలో చేరాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో మల్టీటాస్కింగ్‌కి వెళ్తే అవి ఎన్ని కనబడాలో ఎంచుకోవచ్చు. మొత్తంగా తీసేస్తేనే హాయి. బ్రౌజర్ లోపలి ట్యాబ్‌లకి వేరే కీలు ఉండగా వాటిని విండోలతో కలపడం వల్ల రెండూ చెడతాయి.

విండోస్ కీ+అంకె: వరుస చెదరదు

టాస్క్‌బార్‌లో ఎడమవైపు నుంచి మొదటి ప్రోగ్రామ్‌కి విండోస్ కీ+1, రెండోదానికి విండోస్ కీ+2, అలా తొమ్మిది వరకూ, పదోదానికి 0. స్టార్ట్, సెర్చ్, టాస్క్ వ్యూ గుర్తులు ఈ లెక్కలోకి రావు. ప్రోగ్రామ్ తెరిచి లేకపోతే అదే తెరుచుకుంటుంది, తెరిచి ఉంటే ముందుకొస్తుంది.

ఆల్ట్+ట్యాబ్‌తో పోలిస్తే దీని బలమంతా ఒక్కటే: ఇందాక ఏం చేశారన్నదానితో దీనికి సంబంధం లేదు. 3 అంటే ఎప్పుడూ 3వదే. కాకపోతే ఈ మాట టాస్క్‌బార్‌కి పిన్ చేసినవాటికే, అంటే మూసేసినా గుర్తు అక్కడే ఉండిపోయేలా పెట్టినవాటికే వర్తిస్తుంది. పిన్ చెయ్యని ప్రోగ్రామ్‌లు తెరిచిన క్రమంలో చివర చేరతాయి కాబట్టి ఇవాళ 6 అయినది రేపు 8 కావచ్చు. చాలామంది ఇది రెండు రోజులు వాడి వదిలెయ్యడానికి కారణం ఇదే. రోజూ వాడే నాలుగైదింటిని కుడి క్లిక్‌తో టాస్క్‌బార్‌కి పిన్ చేసి, లాగి వరుస పెట్టి, ఇక కదపకూడదు. ఎక్కువ వాడేవాటిని 1 నుంచి 4 లోపల ఉంచితే ఎడమచేత్తోనే పని అయిపోతుంది. 7, 8 దగ్గరికి వచ్చేసరికి రెండో చెయ్యి కావాలి, కీబోర్డు వంక చూడాలి.

ఒకే ప్రోగ్రామ్‌లో చాలా విండోలు ఉంటే? విండోస్ కీ పట్టుకునే ఉండి అదే అంకెని మళ్ళీ మళ్ళీ నొక్కితే వాటి మధ్య తిరుగుతుంది. నాలుగు ఎక్సెల్ ఫైళ్ళు తెరిచి ఉన్నప్పుడు ఇది చిరాకే. అక్కడ కంట్రోల్ కూడా కలపండి: విండోస్ కీ+కంట్రోల్+2 అంటే ఆ ప్రోగ్రామ్‌లో చివరిసారి వాడిన విండో నేరుగా వస్తుంది. కంట్రోల్ బదులు షిఫ్ట్ కలిపితే కొత్తగా ఇంకో విండో తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్‌కి ఒకే విండో ఉండి, దాంట్లోనే ఉండగా అదే అంకె మళ్ళీ కొడితే అది కాస్తా మినిమైజ్ అవుతుంది. పోయిందని కంగారు పడక్కర్లేదు, ఇంకోసారి కొడితే తిరిగొస్తుంది.

రెండే విండోల మధ్య పని అయితే ఆల్ట్+ట్యాబ్, మూడు దాటితే విండోస్ కీ+అంకె. ఒకే ప్రోగ్రామ్‌లోని రెండు విండోల మధ్య అయితే మళ్ళీ ఆల్ట్+ట్యాబే నయం.

బ్రౌజర్ లోపల: కంట్రోల్+ట్యాబ్ అన్నిచోట్లా ఒకటి కాదు

ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. క్రోమ్‌లో కంట్రోల్+ట్యాబ్ కుడివైపున్న పక్క ట్యాబ్‌కి వెళ్తుంది, అంతే. ఇటీవల వాడిన వరుసతో దానికి పని లేదు. మూడో ట్యాబ్ నుంచి తొమ్మిదోదానికి ఆరుసార్లు కొట్టాలి, తిరిగి రావడానికి షిఫ్ట్ కలిపి ఇంకో ఆరు. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్ మొదటి పేజీలోనే, ట్యాబ్స్ అన్న భాగంలో, కంట్రోల్+ట్యాబ్ ఇటీవల వాడిన వరుసలో తిరగాలా అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే ఎంత దూరంలో ఉన్న రెండు ట్యాబ్‌ల మధ్యనైనా ఒక్క నొక్కే, అచ్చం ఆల్ట్+ట్యాబ్ లాగా.

రెండు ట్యాబ్‌లు మార్చి మార్చి చూస్తూ పోల్చి చదివే పని ఉన్నవాళ్ళకి ఈ ఒక్క విషయంలో ఫైర్‌ఫాక్స్‌దే పైచెయ్యి. క్రోమ్ వాడేవాళ్ళు ఆ రెండు ట్యాబ్‌లనీ పక్కపక్కకి చేర్చుకోవడం మంచిది. దానికి మౌస్ అక్కర్లేదు: కంట్రోల్+షిఫ్ట్+పేజ్ అప్ కొడితే ఉన్న ట్యాబ్ ఎడమకి జరుగుతుంది, పేజ్ డౌన్ అయితే కుడికి. షిఫ్ట్ లేకుండా కంట్రోల్+పేజ్ డౌన్ కొడితే మాత్రం రెండు బ్రౌజర్లలోనూ పక్క ట్యాబ్‌కే వెళ్తుంది, ఏ సెట్టింగ్ పెట్టినా సరే. ఎక్సెల్‌లో షీట్‌లు మారేదీ ఈ జంటతోనే. అందుకని పక్కకి వెళ్ళడానికి అన్నిచోట్లా దీన్నీ, ఫైర్‌ఫాక్స్‌లో ఇందాకటిదానికి వెళ్ళడానికి కంట్రోల్+ట్యాబ్‌నీ అలవాటు చేసుకుంటే ప్రోగ్రామ్ మారినా చెయ్యి తడబడదు. చిక్కల్లా చాలా ల్యాప్‌టాప్‌లలో పేజ్ అప్, పేజ్ డౌన్ కీలు విడిగా ఉండవు. ఎఫ్ఎన్ కీ పట్టుకుని పైకీ కిందికీ బాణాలు నొక్కాలి. కంట్రోల్, ఎఫ్ఎన్, బాణం కలిసేసరికి రెండు చేతులూ పనిలో పడతాయి. అలాంటి ల్యాప్‌టాప్ మీద కంట్రోల్+ట్యాబే సుఖం.

కంట్రోల్+1 నుంచి కంట్రోల్+8 వరకూ ఎడమ నుంచి ఆ స్థానంలో ఉన్న ట్యాబ్‌కి వెళ్తాయి. కంట్రోల్+9 తొమ్మిదోది కాదు, ఎన్ని ఉన్నా సరే అన్నిటికంటే చివరిది. ఇది తెలియక తొమ్మిదో ట్యాబ్ కోసం కొట్టి ముప్పయ్యోదాంట్లో తేలేవాళ్ళున్నారు. టాస్క్‌బార్ అంకెల్లాగే ఇవీ స్థానాలు కదలనంతవరకే బాగుంటాయి. బ్రౌజర్‌లో ట్యాబ్‌లు నిమిషనిమిషానికీ పుడుతూ పోతూ ఉంటాయి గనక, అంకెల్ని మామూలు ట్యాబ్‌లకి కాక పిన్ చేసిన ట్యాబ్‌లకి వాడాలి. ట్యాబ్ మీద కుడి క్లిక్ చేసి పిన్ చేస్తే అది ఎడమ చివర చేరి అక్కడే ఉండిపోతుంది. మెయిల్, క్యాలెండర్, రోజంతా చూసే ఇంకో పేజీ ఆ వరుసలో పిన్ చేస్తే కంట్రోల్+1, 2, 3 వాటికి శాశ్వతం.

పేరు కొట్టి పిలవడం

ట్యాబ్‌లు ఇరవై దాటి, పైన పేర్లు కూడా కనబడకుండా గుర్తులు మాత్రమే మిగిలినప్పుడు వరుసా స్థానమూ రెండూ దండగే. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ కంట్రోల్+షిఫ్ట్+ఎ కొడితే తెరిచి ఉన్న ట్యాబ్‌లను వెతికే పెట్టె వస్తుంది. రెండు మూడు అక్షరాలు టైపు చేసి ఎంటర్ కొడితే చాలు. ట్యాబ్ వేరే విండోలో ఉన్నా ఆ విండోతో సహా ముందుకొస్తుంది. ఆల్ట్+ట్యాబ్ తర్వాత కంట్రోల్+ట్యాబ్ అని రెండంచెల్లో చెయ్యాల్సిన పని ఒక్క అంచెలో తేలిపోతుంది.

అదే కంట్రోల్+షిఫ్ట్+ఎ ఫైర్‌ఫాక్స్‌లో కొడితే యాడ్-ఆన్‌ల పేజీ తెరుచుకుంటుంది. అక్కడ దారి వేరు: కంట్రోల్+ఎల్ కొట్టి అడ్రస్ బార్‌లోకి వెళ్ళి, % గుర్తు, ఖాళీ, ఆ తర్వాత వెతికే మాట. తెరిచి ఉన్న ట్యాబ్‌లు మాత్రమే కింద కనిపిస్తాయి. నొక్కులు ఒకటి రెండు ఎక్కువే గానీ, % బదులు ^ పెడితే హిస్టరీలో, * పెడితే బుక్‌మార్క్‌లలో వెతుకుతుంది కాబట్టి ఒకసారి నేర్చుకుంటే మూడు పనులకి వస్తుంది.

తెలుగు పేజీలు ఎక్కువగా తెరిచేవాళ్ళు ఒకటి గమనించాలి. పేజీ శీర్షిక తెలుగులో ఉంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు మాట దానికి తగలదు. కీబోర్డు భాష మార్చి వెతికే బదులు సైటు పేరులోని మొదటి మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి. వెతకడం అడ్రస్‌లో కూడా జరుగుతుంది.

ట్యాబ్‌లు ఆరేడు ఉన్నప్పుడు మాత్రం ఈ పద్ధతి నిదానం. పెట్టె తెరవడం, టైపు చెయ్యడం, ఎంటర్ కొట్టడం అయ్యేలోపు కంట్రోల్+ట్యాబ్ రెండుసార్లు కొట్టినా చేరిపోతారు.

విండోలను వేర్వేరు తెరలుగా పంచిపెట్టుకునే విడి డెస్క్‌టాప్‌లు పైవాటికి పోటీ కాదు, ఒక్కోచోట విండోల జనాభాని తగ్గించే మార్గం. విండోస్ కీ+కంట్రోల్+డి కొత్తది తెరుస్తుంది, విండోస్ కీ+కంట్రోల్+ఎడమ, కుడి బాణాలతో మారొచ్చు. ఆల్ట్+ట్యాబ్ ఈ డెస్క్‌టాప్‌లోవి మాత్రమే చూపాలా, అన్నిట్లోవీ చూపాలా అన్నది కూడా మల్టీటాస్కింగ్ సెట్టింగ్స్‌లోనే ఉంది.

మ్యాక్, లినక్స్

మ్యాక్‌లో కమాండ్+ట్యాబ్ విండోల మధ్య కాదు, ప్రోగ్రామ్‌ల మధ్య తిరుగుతుంది. ఒకే ప్రోగ్రామ్‌లోని విండోల మధ్య తిరగడానికి కమాండ్‌తో పాటు ట్యాబ్‌కి సరిగ్గా పైనున్న కీ నొక్కాలి. విండోస్ నుంచి వచ్చినవాళ్ళని ఎక్కువగా ఏడిపించేది మినిమైజ్ చేసిన విండో. కమాండ్+ట్యాబ్‌తో ఆ ప్రోగ్రామ్‌కి చేరినా విండో పైకి రాదు. కమాండ్ వదిలేముందు ఆప్షన్ కీ కూడా పట్టుకుని వదిలితే వస్తుంది. కమాండ్+హెచ్‌తో దాచడం అలవాటు చేసుకుంటే ఈ బాధే ఉండదు. లినక్స్‌లో నోమ్ (GNOME) అనే డెస్క్‌టాప్ కూడా మామూలుగా ఈ దారిలోనే, ఆల్ట్+ట్యాబ్‌తో ప్రోగ్రామ్‌ల మధ్య తిరుగుతుంది. విండోస్ పద్ధతి కావాలంటే కీబోర్డు షార్ట్‌కట్‌ల సెట్టింగ్స్‌లో విండోలు మార్చే వరుసకి ఆల్ట్+ట్యాబ్ ఇచ్చుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ ట్యాబ్‌ల అంకెలకి లినక్స్‌లో కంట్రోల్ బదులు ఆల్ట్.

తేడా కొట్టే చోట్లు

రెండు భాషల్లో టైపు చేసేవాళ్ళకి వెనక్కి తిరిగే ఆల్ట్+షిఫ్ట్+ట్యాబ్ ఒక తలనొప్పి. ట్యాబ్ నొక్కకుండా పొరపాటున ఆల్ట్, షిఫ్ట్ వదిలేస్తే కీబోర్డు భాష మారిపోతుంది. అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో భాష మార్చే హాట్ కీల దగ్గర ఆ జంటని తీసెయ్యండి. భాష మార్చడానికి విండోస్ కీ+స్పేస్ ఎలాగూ ఉంది.

దూరంలోని కంప్యూటర్‌ని ఇక్కణ్ణుంచే నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆల్ట్+ట్యాబ్ కొడితే అవతలి కంప్యూటర్‌లో మారాల్సింది ఇవతల మారుతుంటే, కనెక్ట్ అయ్యేముందు లోకల్ రిసోర్సెస్ అన్న చోట విండోస్ కీ జంటలు ఎక్కడ పనిచెయ్యాలో చూసుకోవాలి. ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడు మాత్రమే అవతలికి వెళ్ళమని చెప్పి ఉంటే, చిన్న విండోలో అవి అవతలికి చేరవు. ఆ సమయంలో ఆల్ట్+పేజ్ అప్ వాడితే అవతలి ప్రోగ్రామ్‌ల మధ్య తిరుగుతుంది.

ఇక ట్యాబ్ మూసే కంట్రోల్+డబ్ల్యూ. వేగంగా కొట్టేటప్పుడు షిఫ్ట్ కూడా తగిలితే ట్యాబ్ కాదు, విండో మొత్తం మూతపడుతుంది. వెంటనే కంట్రోల్+షిఫ్ట్+టి కొడితే తిరిగొస్తుంది, ట్యాబ్ అయినా విండో అయినా. మ్యాక్‌లో కమాండ్+డబ్ల్యూ పక్కనే కమాండ్+క్యూ ఉండి బ్రౌజర్‌నే మూసేస్తుంది. మూసేముందు అడగమనే టిక్ క్రోమ్‌లో పైనున్న మెనూలో దొరుకుతుంది. కాకపోతే ట్యాబ్ తిరిగొచ్చినా అందులో సగం నింపిన ఫారం తిరిగి వస్తుందన్న భరోసా లేదు, అజ్ఞాత విండోలో మూసిన ట్యాబ్ అయితే క్రోమ్‌లో అసలే రాదు.