మూడేళ్లుగా ఇదే దానా, అందులో ఏముందో తెలిసింది సగమే

మాది ధర్మాబాద్. బరాత్‌లకు గుర్రం నడుపుతాం. ఉన్నది ఒకటే నుక్రా, అంటే తెల్ల ఆడగుర్రం, బిజిలి. మాళేగావ్ జాతరలో కొన్నాం. మూడేళ్లుగా దానికి ఒకే కంపెనీ పెల్లెట్ దానా వేస్తున్నాను. పేరు రాయను.

మొదటి ఏడాది నేనే నలుగురికి చెప్పి కొనిపించాను. ఉలవలు ఉడకబెట్టే పని తప్పింది, ఒళ్లు నిగనిగలాడింది. ఇప్పుడు ఆ మాట కొంచెం దిద్దుకోవాలి. అప్పట్లో రోజూ గుప్పెడు అవిసెలు కూడా వేసేవాడిని, ఆ నిగనిగ వాటిది కూడా కావచ్చు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నా కోపమంతా బస్తాకు కుట్టిన చీటీ మీద. ప్రోటీన్ ఇంత, కొవ్వు ఇంత, పీచు ఇంత, తేమ ఇంత అని ఉంటుంది. కింద ఒక్కటే వరుస: ధాన్యాలు, ధాన్యపు ఉప ఉత్పత్తులు, నూనె తీసిన పిండి, మొలాసిస్ (చెరకు మడ్డి), మినరల్ మిక్చర్. ధాన్యాలంటే ఓట్సా, మక్కలా, నూకలా? ఉప ఉత్పత్తి అంటే తవుడా, ఊకా? రెండేళ్లు నేనూ అడగలేదు, గుర్రం తింటోంది కదా అని.

పోయిన ఏడాది పెళ్లిళ్ల సీజన్ నడుమ ఒక పొద్దున బిజిలి కొట్టం దాటి రానంది. ముందు కాళ్లు ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. ముందు గిట్టలు పట్టి చూస్తే వేడి. గిట్ట పైన వేలు పెడితే నాడి టపటపా కొట్టుకుంటోంది. డాక్టరు గారు వచ్చీ రాగానే అడిగిన మొదటి మాట:

"ఏం పెడుతున్నవ్?"

"దానా సార్."

"దానాల ఏముంది?"

చీటీ తెచ్చి ఇచ్చాను. చదివి, వెనక్కి తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. "స్టార్చ్ ఎంత, చక్కెర ఎంత? గిట్టలు పాడు చేసేది అదే. ఇందుల అదొక్కటే రాయలే" అన్నారు. గిట్టలకు ఐసు నీళ్లు పెట్టి, దానా మొత్తం ఆపి, జొన్న చొప్ప మీదనే ఉంచాం. మూడు బరాత్‌లు పోయాయి.

దానాదే తప్పని ఒట్టేసి చెప్పలేను. ముందు రాత్రి బరాత్‌లో పెళ్లికొడుకు అక్కచెల్లెళ్లు పళ్లెం నిండా నానబెట్టిన శనగపప్పు పెట్టారు. ఆనవాయితీ, వద్దనలేం. ఎవరో బెల్లం కూడా పెట్టారట. కానీ ఆ వారం తెరిచిన బస్తాలో గుళికలు ఎప్పటికన్నా నల్లగా, తీపి వాసనతో ఉన్న మాట కూడా నిజం.

చీటీ మీది నంబరుకు ఫోన్ చేస్తే "ఫార్ములా బయట పెట్టం సార్" అన్నారు. రంగు సంగతి అడిగితే మాత్రం ఆ అబ్బాయి నిజం చెప్పేశాడు. మక్కల రేటు పెరిగినప్పుడు వేరే సరుకు పడుతుందట, చీటీ మీది అంకెలు మాత్రం మారవట. మారవు మరి. నైట్రోజన్‌ను కొలిచి 6.25తో గుణించి దాన్నే ప్రోటీన్ అంటారు. సోయా పిండి నుంచి వచ్చినా యూరియా నుంచి వచ్చినా ఆ లెక్కకు ఒకటే. ఊక వేసినా పీచు పీచే.

ఇంకో ప్రశ్న డాక్టరు గారు అడగమన్నారు, అదే మిల్లులో కోళ్ల దానా ఆడిస్తారా అని. కోళ్లకు కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా కలిపే మోనెన్సిన్ మందు గుర్రానికి కొంచెం పడినా గుండె దెబ్బతింటుంది. గుర్రం వాంతి కూడా చేసుకోలేదు, లోపలికి పోయింది పోయినట్టే. "ఆడిస్తాం సార్, మధ్యలో మిషన్ కడుగుతాం" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి కొత్త బస్తా తెరవగానే రెండు గుప్పిళ్లు బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెడుతున్నాను. పొద్దున పైన తేలేది పొట్టు, ఊక. మధ్యలో మెత్తటి గుజ్జు. నీళ్లు మెల్లగా వంపేస్తే అడుగున గరగరమనే ఇసుక. మక్క పలుకులు గోటికి తెలుస్తాయి. సోయా ఏదో, పల్లి పిండి ఏదో చెప్పడం నా వల్ల కాదు. చక్కెర ఎంతో, మందు కలిసిందో లేదో బకెట్‌లో కనపడదు.

ఈ మధ్య పని మీద హైదరాబాద్ పోయి మలక్‌పేటలో ఒక దుకాణంలో ఇదే కంపెనీ రేసు గుర్రాల బస్తా చూశాను. దాని మీద ఓట్స్ మొదలుకొని ఉప్పు దాకా వరుసగా అన్నీ రాసి ఉన్నాయి! అంటే రాయడం చేతనవును. బరాత్ గుర్రానికి ఎందుకులే అనుకున్నారన్నమాట.

మరి మానేశానా అంటే, లేదు. రేసు బస్తా ధర నాకు అందదు, సీజన్‌లో ఉలవలు ఉడకబెట్టే మనిషి దొరకడు. మూడు కిలోలు పెట్టే చోట ఇప్పుడు కిలో, మిగతా కడుపు చొప్పతోనే. బరాత్ ఉన్న రోజు దానా అసలు వేయను. రెండు మూడు గుర్రాలుండి మనుషులున్నవాళ్లు సొంతంగా కలుపుకోవచ్చు. నాలాంటివాళ్లు కొన్నా బస్తా బస్తాకీ చీటీ దాచుకోండి. నిన్న తెరిచిన దాంట్లో ఊక కొంచెం తక్కువే తేలింది.