డిమెన్షియా రోగుల హాస్పిస్ సేవకు నిధులు: విశాఖలో ఎవరిని అడగడం మేలు?

కొన్నేళ్ల క్రితం మా చిన్న ట్రస్టు తరఫున ఒక కంపెనీకి పెట్టుకున్న దరఖాస్తులో "నయమైన వారి సంఖ్య" అని ఒక గడి ఉండేది. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తరిగిపోయే జబ్బు) ముదిరి మంచం పట్టిన వారి ఇళ్లకు వెళ్లి, హాస్పిస్ అనే చివరి దశ సేవ చేయడమే మా పని కాబట్టి, అబద్ధం రాయలేక అందులో సున్నా వేశాం. ఆ ఫారం కంటి శస్త్రచికిత్స శిబిరాలను దృష్టిలో పెట్టుకుని తయారైనది; మా దరఖాస్తు వారం తిరగకుండానే వెనక్కి వచ్చింది. ఆ రోజు కంపెనీ మీద కోపం వచ్చిన మాట నిజమే గాని, తప్పులో సగం మాదేనని తరువాత అర్థమైంది. ఏ నిధి ఏ పనికి పుట్టిందో చూసుకోకుండా కనబడిన ప్రతి చోటా చేయి చాచాం. ఈ ఊళ్లో ఇదే పని తలపెట్టే వారికి ఆ తిరుగుడు తప్పాలని, మాకు తెలిసిన దారులను పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను.

నిధుల సంగతికి ముందు పని స్వభావం చెప్పుకోవాలి, ఎందుకంటే ఏది మేలో తేల్చేది అదే. కంచరపాలెంలో ఒక ఇంట్లో, ఒకప్పుడు మార్కెట్లో కూరగాయలు అమ్మి నలుగురు పిల్లలను పెంచిన పెద్దావిడకు ఇప్పుడు మాట లేదు, నడక లేదు. ఆవిడకు గిన్నెడు రాగి జావ పట్టడానికి కోడలికి నలభై నిమిషాలు పడుతుంది. జావ మింగకుండా బుగ్గన పెట్టుకుంటుంది కాబట్టి, గొంతు కదిలిందో లేదో కోడలు వేలితో తాకి చూసుకున్నాకే రెండో చెంచా ఎత్తుతుంది. తొందరపడితే జావ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. "ఏటీ చెప్పదు సిస్టరమ్మా, నొప్పో ఆకలో ఎలా తెలుస్తాది?" అని ఆమె మా నర్సును అడిగింది. మాట పోయిన రోగి నొప్పిని కొలవడానికి పెయినాడ్ అనే కొలత ఉంది. ఊపిరి తీరు, మూలుగు, ముఖం ముడుచుకోవడం, ఒళ్లు బిగబట్టడం, ఓదారిస్తే ఊరుకోవడం అనే ఐదు అంశాలకు ఒక్కోదానికి సున్నా నుంచి రెండు చొప్పున, మొత్తం పదికి అంకె వేస్తారు. ఆ ఉదయం అంకె 6 వచ్చింది. నడుము కింద పడక పుండుకు కట్టు మార్చి, పారాసిటమాల్ వేసి, రెండు గంటలకొకసారి పక్క మార్చడం కోడలికి నేర్పించి వచ్చాక, వారానికి అదే అంకె 2కు దిగింది.

ఈ పనిలో యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఉదాహరణకు ఒక బృందం లెక్క వేసుకుందాం. నర్సుకు నెలకు 22,000, ఇద్దరు సహాయకులకు 28,000, వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరుకు 25,000, వాహనానికి 20,000, మందులు, డైపర్లు, కట్టుగుడ్డలకు 15,000 అనుకుంటే, నెలకు లక్షా పదివేలు, ఏడాదికి 13 లక్షల 20 వేలు అవుతుంది. అందులో మూడింట రెండు వంతులకు పైగా జీతాలే.

రెండో విషయం కాలం. క్యాన్సర్ చివరి దశలో సేవ చాలాసార్లు వారాల్లోనో నెలల్లోనో ముగుస్తుంది. డిమెన్షియాలో అలా చెప్పలేం. అమెరికాలో బోస్టన్ పరిసరాల నర్సింగ్ హోముల్లో వ్యాధి బాగా ముదిరిన 323 మందిని 18 నెలల పాటు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ గడువులోగా మరణించినవారు సుమారు 55 శాతం మాత్రమే. అంటే ఏడాది గ్రాంటు తీసుకుని పని మొదలుపెడితే, గ్రాంటు అయిపోయే నాటికి మన రోగుల్లో సగానికి పైగా ఇంకా మంచం మీదే ఉంటారు. కాబట్టి ఏ నిధి దగ్గరైనా నేను అడిగే ప్రశ్నలు రెండే: జీతాలు ఇస్తుందా, మూడేళ్లు నిలుస్తుందా?

విశాఖలో మొదట గుర్తొచ్చేవి కంపెనీల సీఎస్సార్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) నిధులు. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, 500 కోట్ల నికర విలువ, వెయ్యి కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్న కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది గనుక, మల్కాపురంలో రిఫైనరీ, పరవాడలో విద్యుత్ కేంద్రం, గాజువాక పక్కన ఉక్కు కర్మాగారం ఉన్న ఊరికి ఇది వరమే. అయితే లెక్క లాభం మీద ఆధారపడి ఉంటుందని మరవకూడదు. నష్టాల్లో నడిచిన కంపెనీ పేరు ఎంత పెద్దదైనా, ఆ ఏళ్లలో దాని చేతిలో పంచడానికి పెద్దగా ఏమీ ఉండదు. దరఖాస్తు రాయడానికి ముందే ఆ కంపెనీ గత మూడేళ్ల వార్షిక నివేదికలు తిరగేయడం మంచిది.

చిన్న ట్రస్టులు సీఎస్సార్ విషయంలో రెండు అపోహలతో నష్టపోతున్నాయి. మొదటిది, ఇచ్చిన డబ్బు మార్చి 31లోగా ఖర్చు కావలసిందేనన్న భయం. కొనసాగే ప్రాజెక్టు అని ముందే ఒప్పందం రాసుకుంటే, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు ఆ పని నడపవచ్చు. ఖర్చు కాని సొమ్మును కంపెనీ ప్రత్యేక ఖాతాలో వేసి ఉంచుతుంది. ఈ మాట దరఖాస్తులో మనమే రాయాలి, లేకపోతే చాలామంది అధికారులు ఏడాదికే మంజూరు చేసి ఊరుకుంటారు. రెండోది, జీతాలు 5 శాతం మించకూడదన్న మాట. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్సార్ విభాగం నిర్వహణకు పెట్టుకునే ఖర్చుకే గాని, పని చేసే సంస్థ ఖర్చుకు కాదని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణలోనే ఉంది. రోగి ఒళ్లు తుడిచే సహాయకురాలి జీతం ప్రాజెక్టు ఖర్చే. ఈ వివరణ ప్రతిని దరఖాస్తుకు జతచేసిన తరువాత, మమ్మల్ని జీతాల గురించి ఎవరూ మళ్లీ అడగలేదు.

సీఎస్సార్‌లో నాకు నచ్చనిదీ ఉంది. కంపెనీలకు తలలు లెక్కపెట్టడం అలవాటు. శిబిరం పెడితే ఒక్క రోజులో వెయ్యి మంది లెక్కకు వస్తారు. మేము ఏడాదంతా తిరిగినా నలభై ఇళ్లు దాటవు. ఆపైన ఫొటోలు కావాలంటారు. తనకు ఏం జరుగుతోందో తెలియని మనిషి, నోరు తెరుచుకుని పడుకుని ఉన్నప్పుడు బ్యానరు పట్టుకుని తీసే ఫొటోకు ఆ మనిషి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది? కుటుంబం సరేనన్నా సరే, రోగుల ముఖాలు చూపించబోమని మేము ఒప్పందంలోనే రాసుకుంటున్నాం. దానివల్ల ఒక అవకాశం పోయింది, పోనీ అనుకున్నాం.

దీనికి పక్కన పెట్టి చూడవలసింది కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ గ్రాంటు. వయోవృద్ధుల సమగ్ర కార్యక్రమం అనే ఈ పథకం ఇప్పుడు అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగం. నేను చూసిన నిధుల్లో డిమెన్షియా పేరు నేరుగా ఎత్తినది ఇదొక్కటే: నిరంతర నర్సింగ్ అవసరమైనవారు లేదా అల్జీమర్స్, డిమెన్షియా ఉన్నవారు కనీసం 20 మందితో నడిచే వసతి గృహానికి ఇందులో ప్రత్యేక విభాగం ఉంది. సిబ్బంది వేతనాలకు కూడా వీలుంది. కాగితం మీద చూస్తే మన కోసమే రాసినట్టు ఉంటుంది.

చిక్కు ఆ ఇరవై అనే అంకెలో ఉంది. ఇరవై మంది మంచం పట్టిన రోగులను రాత్రింబవళ్లు చూసుకోవడానికి భవనం, మూడు షిఫ్టుల సిబ్బంది, వంటిల్లు ముందే ఉండాలి. సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో అద్దెల సంగతి తెలిసినవారికి దీని బరువు చెప్పనక్కర్లేదు. స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ దర్పణ్‌లో నమోదు, గ్రాంటుల కోసం ఉన్న ఈ-అనుదాన్ పోర్టల్‌లో దరఖాస్తు, తనిఖీ, ఆ పైన వాయిదాల్లో విడుదల, ముందు వాయిదాకు వినియోగ ధ్రువపత్రం ఇస్తేనే తరువాతి వాయిదా. ఒక్క కాగితం ఆలస్యమైతే నెలల తరబడి చేతి డబ్బుతో నెట్టుకురావాలి. వాయిదా రాలేదని రోగికి అన్నం ఆపలేం కదా. ఇంటికి వెళ్లి సేవ చేసే బృందాలకు ఈ విభాగం సరిపోదు. సంచార వైద్య విభాగాలకు వేరే అంశం ఉన్నా, అది ఎక్కువమంది వృద్ధులకు సాధారణ వైద్యం అందించే పద్ధతిలో ఆలోచించినది. 2012లో మొదలైన జాతీయ పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) కార్యక్రమం డబ్బు రాష్ట్ర ప్రణాళికల ద్వారా ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్లేది కాబట్టి, ట్రస్టులు దాని మీద ఆశ పెట్టుకోకుండా, నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు సరఫరాకూ రోగులను పంపుకోవడానికీ ఆ ఆసుపత్రులతో సత్సంబంధాలు పెట్టుకుంటే చాలు.

మొత్తానికి ఈ రెండింటిలో మొదటిసారి అడిగేవారికి సీఎస్సారే మేలు. అయితే దానికీ అర్హత ఉంది: ఆదాయపు పన్ను చట్టం కింద ట్రస్టుకూ దాతలకూ పన్ను మినహాయింపు ఇచ్చే నమోదులు (1961 నాటి చట్టంలో 12ఏ, 80జీ), మూడేళ్ల పని అనుభవం, 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన సీఎస్సార్-1 (కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సంస్థ చేసుకునే నమోదు) సంఖ్య లేనిదే కంపెనీ ఫైలు తెరవదు.

విదేశీ నిధుల దారి వేరు. రోటరీ గ్లోబల్ గ్రాంటుకు మన ఊరి క్లబ్బుతో పాటు మరో దేశపు క్లబ్బు కలవాలి, బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. ఎప్పటికీ సాగే జీతాలకు ఆ డబ్బు రాదు. గాలి పరుపులు, తల ఎత్తి దించే మంచాలు, గొంతులో కఫం లాగే సక్షన్ యంత్రాలు, సిబ్బందికి శిక్షణ అయితే దీనికి మించిన దారి లేదు. తిన్నగా విదేశీ సంస్థలను అడగాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు కావాలి. దానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు పని మీద 15 లక్షల ఖర్చు చూపించాలి. 2020 సవరణ తరువాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, వచ్చిన డబ్బును మరో సంస్థకు మళ్లించకూడదు, విదేశీ డబ్బు వచ్చి పడే ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోనే ఉండాలి. రెండేళ్ల వయసున్న ట్రస్టు దీని వెంట పడడం కాలహరణం. పరిశోధన గ్రాంటుల సంగతి కూడా అంతే: వైద్య కళాశాలలో ఆచార్యులెవరైనా ముందుండి నడిపితే తప్ప అది మన పని కాదు, నడిపినా ఆ డబ్బు అధ్యయనానికే గాని సేవకు కాదు.

మిగిలింది ఊరివాళ్ల విరాళాలు. మొత్తం చిన్నదే అయినా, షరతులు లేని డబ్బు ఇదొక్కటే కాబట్టి నేను దీన్ని తక్కువ చేయను. తల్లిదండ్రుల పేరున ఒక పూట అన్నదానానికి ముందుకొచ్చినంత సులువుగా నర్సు జీతానికి ఎవరూ ముందుకు రారు. అందుకని మేము "ఒక నెల నర్సు" అని రసీదు పుస్తకంలో ఒక పద్దు పెట్టాం, కాస్త కదలిక వచ్చింది. దాతకు పన్ను మినహాయింపు కావాలంటే 2,000 రూపాయలు మించిన నగదు పనికిరాదని ముందే చెప్పాలి. విశాఖలో చాలా ఇళ్లలో ఒకరు అమెరికాలో ఉంటారు గనుక మరో జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, అతను మన వీధిలో పుట్టినవాడైనా అది విదేశీ విరాళమే. ఒక రిటైర్డ్ ఇంజినీరు గారి అబ్బాయి పంపబోయిన రెండు లక్షలను ఈ కారణం చేత వద్దని చెప్పాల్సి వచ్చింది. "మా వాడి డబ్బు పనికిరాదా బాబూ?" అని ఆయన నొచ్చుకున్నారు గాని, నియమం వివరించాక తన పెన్షన్ ఖాతా నుంచే నెలకు మూడు వేలు పంపుతున్నారు.

ఇప్పుడు మా అమరిక ఇది. జీతాలు సీఎస్సార్ కొనసాగే ప్రాజెక్టులో, పరికరాలు రోటరీ ద్వారా, ఆరు నెలల జీతాలకు సరిపడే నిల్వ ఊరి విరాళాలతో. వసతి గృహం ఆలోచన ఉంది. ఆ నిల్వ ఏడాది ఖర్చుకు చేరిన రోజున కేంద్ర గ్రాంటుకు దరఖాస్తు పెడతాం, అంతకు ముందు పెట్టం. కంపెనీల సీఎస్సార్ కమిటీలు వచ్చే ఏడాది ప్రణాళికను ఏప్రిల్‌కు ముందే తయారు చేసుకుంటాయి కాబట్టి మా కాగితాలు డిసెంబరులోనే వెళ్తాయి. కిందటిసారి ఫారంలోనూ "నయమైన వారి సంఖ్య" గడి ఉంది. అందులో "వర్తించదు" అని రాసి, పక్కన ఖాళీలో ఒక్కో రోగికి మొదటి రోజు నొప్పి అంకె, వారం తరువాతి నొప్పి అంకె, ఆ నెలలో కోడలో కూతురో రాత్రి ఎన్ని గంటలు పడుకోగలిగిందో వరుసగా వేసి పంపాం.