టోక్యోలో జానపద కళల మ్యూజియం: టికెట్ డబ్బు వసూలే వసూలు

టోక్యో వెళ్తున్నామని ఎవరు చెప్పినా, కొమాబాలోని నిహోన్ మింగేకాన్ చూడకుండా రావద్దంటున్నాను. జపాన్ జానపద కళల మ్యూజియం అది. చిన్నదే, రెండంతస్తులు. అది మాకు అంతగా ఎందుకు నచ్చిందో చెప్పాలంటే ముందురోజు జరిగింది చెప్పాలి.

ఒక టూర్ కంపెనీ బస్సులో ఒక్కరోజు యాత్ర బుక్ చేశాం. మనిషికి 12,500 యెన్లు. మా ఆయన, నేను, అత్తయ్య కలిసి 37,500. వెజిటేరియన్ భోజనం ఉంటుందని స్పష్టంగా రాశారు. అసకుసా గుడి దగ్గర పాతిక నిమిషాలు తిప్పి, డ్యూటీ ఫ్రీ షాపులో గంటన్నర కూర్చోబెట్టారు. భోజనానికి ఉడోన్ వచ్చింది, పులుసులో వేసిన లావుపాటి గోధుమ నూడుల్స్. అత్తయ్య చెంచా అందుకోబోతుంటే అనుమానమొచ్చి అడిగాను. ఆ పులుసు ఎండబెట్టిన చేప తురుముతో కాచిందట. "ముక్కలేం లేవు కదా" అన్నాడు గైడ్, విసుగ్గా. అత్తయ్య పుట్టి బుద్ధెరిగాక నీచు ముట్టలేదు. పాపం, ఒక అరటిపండు తిని బస్సెక్కింది. డబ్బు వాపసు ఇమ్మంటే ఉలుకూ పలుకూ లేదు. శాకాహారులైతే జపాన్‌లో వెజిటేరియన్ అని చెబితే చాలనుకోకండి. ఆ చేప పులుసును దాషి అంటారు, దాషి ఉందా అని పేరు పెట్టి అడగండి.

మర్నాడు మా ఆయన మొహం ముడుచుకునే బయల్దేరారు. షిబుయా స్టేషన్‌లో కెయో ఇనోకాషిరా లైన్ రైలెక్కితే రెండో స్టేషన్ కొమాబా తోదాయ్‌మాయె, టికెట్ 140 యెన్లు. లోకల్ రైలే ఎక్కాలి, ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగదు. స్టేషన్ నుంచి ఇళ్ల మధ్యగా ఏడెనిమిది నిమిషాల నడక. అత్తయ్య మోకాళ్లకు కూడా ఇబ్బంది కాలేదు.

లోపలికి వెళ్లగానే చెప్పులు విప్పి స్లిప్పర్లు వేసుకోవాలి. ఎదురుగా పెద్ద చెక్క మెట్లు. టికెట్ ఇచ్చినావిడ అత్తయ్యను చూసి, చెప్పులు విప్పుకునేదాకా కూర్చోమని సైగ చేసింది. ముందురోజు అవమానం తర్వాత ఆ చిన్న మర్యాదకే ప్రాణం లేచొచ్చింది.

యానగి సోయెత్సు అనే ఆయన 1936లో ఈ మ్యూజియం పెట్టారు. పేరున్న కళాకారుల పనితనం కాదు, ఊరూపేరూ తెలియని పనివాళ్లు రోజువారీ వాడకానికి చేసిన కుండలు, బుట్టలు, బట్టలు, పెట్టెలే అందమైనవని ఆయన నమ్మకం. 1925లో కుండల కళాకారులు హమాదా షోజి, కవాయ్ కంజిరోలతో కలిసి వాటికి 'మింగే', అంటే జనం కళ, అని పేరు పెట్టారు. ఇక్కడ దాదాపు 17,000 వస్తువులున్నాయి, కొన్నికొన్ని చొప్పున మార్చి మార్చి పెడతారు. నల్లటి చెక్క పలక మీద ఎర్రక్షరాలతో రెండు ముక్కలు, అంతే వివరం. "ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాస్తే ఏం పోయింది" అని మా ఆయన సణిగారు. నాకైతే అదే నచ్చింది. చదవడానికేం లేకపోతే కళ్లు వస్తువు మీదే నిలుస్తాయి. కాసేపటికి ఆయనే ఒక కొరియా తెల్ల జాడీ ముందు నిలబడిపోయారు. కాస్త ఒక పక్కకు వాలి ఉంది, మెరుపు కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. కొరియాను జపాన్ ఏలుతున్న కాలంలోనే యానగి అక్కడి పనితనాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1924లో సియోల్‌లో వాళ్ల జానపద కళలకే ఒక మ్యూజియం పెట్టారు. ఆ సంగతి చెప్పాక మా ఆయన సణుగుడు ఆగిపోయింది.

అత్తయ్య మాత్రం కోగిన్ కుట్టు వేసిన ఒక పైచొక్కా దగ్గరే ఆగిపోయింది. జపాన్ ఉత్తరాన త్సుగారు ప్రాంతంలో చలికి పత్తి పండేది కాదు. రైతులు నూలు బట్టలు కట్టకూడదని ఆంక్ష కూడా ఉండేది. నీలిరంగు నార బట్టలోంచి చలి దూరకుండా, ఆడవాళ్లు తెల్ల నూలు దారంతో పోగులు లెక్కపెట్టి సందులన్నీ పూడుస్తూ కుట్టేవారు. భుజాల దగ్గర కుట్టు ఎంత దట్టంగా ఉందంటే, కింది నీలం కనబడనే లేదు. మనవలందరికీ బొంతలు కుట్టిన మనిషి కదా, అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూసి, "అమ్మాయ్, ఇది తిరగేసి చూపిస్తారేమో అడుగు. ముడి ఎక్కడ దాచిందో చూడాలి" అంది. అడగడానికి నాకు భాష రాలేదు. ఆవిడ ఇంకో పావుగంట అక్కణ్ణుంచి కదల్లేదు.

కింద షాపు చిన్నదే కానీ సరుకు మంచిది. జపాన్‌లో పనివాళ్లు ఇప్పటికీ చేస్తున్న గిన్నెలు, నేత బట్టలు ఉంటాయి. 2,200 యెన్లు పెట్టి ఒక కప్పు కొన్నాం, బేరాల్లేవు. పక్కనే కొమాబా పార్కులో మాయెదా అనే మార్క్విస్ (జమీందారు లాంటి ప్రభువు) 1929 నాటి బంగళా ఉచితంగా చూడొచ్చు.

మ్యూజియానికి సోమవారం సెలవు. ప్రదర్శనలు మార్చేటప్పుడు కూడా కొన్ని రోజులు మూసేస్తారు, తేదీలు చూసుకుని వెళ్లండి. ఎదురుగా రాతి పలకల కప్పున్న పొడవాటి ద్వారం, దాని వెనక యానగి ఇల్లు ఉన్నాయి. ఆ ఇంట్లోకి ప్రదర్శన జరిగే రోజుల్లో నెలలో రెండో, మూడో బుధ, శనివారాల్లోనే రానిస్తారు. మేం వెళ్లింది గురువారం. మీకు వీలుంటే ఆ రెండు శనివారాల్లో ఒకటి పెట్టుకోండి.