అమ్మకు కరెంటు పెట్టించిన ఆస్పత్రి: ఐదుకు మూడున్నర

ఆరు వారాలుగా అమ్మ సరిగ్గా అన్నం ముట్టలేదు. రెండు రకాల మాత్రలు మార్చి చూశాక, బెంగళూరులోని ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో ఈసీటీ, అంటే తలకు కరెంటు ఇచ్చి మూర్ఛ తెప్పించే చికిత్స, చేయిద్దామన్నారు డాక్టరు. కాగితాల్లో ఈసీటీ, మా ఇంట్లో మాత్రం కరెంటు పెట్టడమే. హిందూపురం నుంచి మేనమామ ఫోను చేసి, "మా అక్కకు షాకులు పెట్టిస్తావా? నీకు చేతులెలా వస్తాయిరా?" అని తిట్టాడు.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 1938లో రోములో చెర్లెట్టి, బీనీ అనే ఇటలీ వైద్యులు ఈ చికిత్స మొదలుపెట్టినప్పుడు మత్తు ఇవ్వలేదు. చాలా ఏళ్లు అలాగే సాగింది. ఆ మూర్ఛ కుదుపుకు వెన్నుపూసలు విరిగిన రోగులున్నారు. కాలమే అటువంటిది. మెదడులోని నరాల పీచులు తెంచే ఆపరేషన్‌కు పోర్చుగల్ వైద్యుడు మోనిజ్‌కు 1949లో నోబెల్ ఇచ్చారు మరి! ఆ ఆపరేషన్ మూలన పడింది, కరెంటు నిలిచింది. మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా కరెంటు పెట్టడాన్ని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఇక ఆస్పత్రి సంగతి. రాత్రి నుంచి ఉపవాసం, ఉదయం ఆరున్నరకు రమ్మన్నారు. మత్తు డాక్టరు సమయానికి వచ్చారు, అమ్మ గుండె నివేదికలన్నీ ఓపికగా చూశారు. కుడి చీలమండకు బీపీ పట్టీ ఎందుకు బిగిస్తున్నారని నర్సును అడిగాను. సడలింపు మందు ఆ పాదంలోకి దిగకుండానట. ఒళ్లంతా కదలకుండా ఉన్నా, మూర్ఛ వచ్చిందో లేదో ఆ పాదం చెబుతుంది. తలుపు సందులోంచి నాకు కనిపించింది అదే: దుప్పటి బయట అమ్మ పాదం, మెట్టె ఉన్న వేలు, అర నిమిషం పాటు సన్నటి వణుకు. సినిమాల్లో చూసిన కేకలు లేవు, కట్టేసిన తాళ్లు లేవు. గంటలో లేచి కాఫీ అడిగింది. నాలుగోసారి తర్వాత, ఇడ్లీలోకి కారప్పొడి ఏదని గొడవపడింది. నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

నక్షత్రాలు ఎందుకు తగ్గించానంటే, అంగీకార పత్రం ఇంగ్లీషులో, కన్నడలో ఉంది. అమ్మకు తెలుగు తప్ప మరో అక్షరం రాదు. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అన్నారు, పెట్టింది. మతిమరుపు రావచ్చన్న వాక్యం రెండో పేజీ అడుగున ఉంది. దాన్ని నోటితో చెప్పినవారు లేరు. నేను అడిగితే "కొద్దిగా ఉంటుంది సార్" అని సరిపెట్టారు. తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న ఊళ్లో ఒక తెలుగు కాగితం అచ్చు వేయించడం అంత కష్టమా?

చికిత్సకు ముందు నెలలో మా పాపకు చెవులు కుట్టించాం. ఆ రోజు అమ్మకు గుర్తు లేదు. ఫోటోలు చూపిస్తే, "ఈ చీర నాకెవరు పెట్టారు?" అంటుంది. పెట్టింది మేనమామే. ఆయనకు ఇంకా చెప్పలేదు.